మీ నాలుక తప్పు చెప్పలేదు, మీరు వెళ్ళిన నెల వేరు

న్యూజెర్సీ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. 1980ల్లో వాళ్ళ నాన్నగారు స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్ళి సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపించేవారట. మొన్న మే నెల సెలవుల్లో తన పిల్లలను అక్కడికే తీసుకెళ్ళి అదే ఐస్‌క్రీమ్ తిన్నారు. బాగానే ఉంది కానీ అది కాదనిపించింది. "నా జ్ఞాపకమే మోసం చేస్తోందా, ఐస్‌క్రీమే మారిందా?" అని అడిగారు. వాళ్ళాయన మాత్రం, "అప్పుడు పక్కన మీ నాన్న ఉన్నారు, ఆ రుచి ఆయనది" అన్నారట.

ఆయన మాటను కొట్టేయను. కానీ అంతటితో వదిలేస్తే మీ నాలుకకు అన్యాయం చేసినట్టవుతుంది. నేను 32 ఏళ్ళు ఒక డెయిరీలో ఐస్‌క్రీమ్ విభాగంలో పనిచేసి 2024లో రిటైరయ్యాను. అంతకంటే ముందు సీతాఫలాలు తెంపి అమ్మే ఇంట్లో పుట్టాను. మాది పాత పాలమూరు జిల్లా, బాలానగర్ దగ్గర ఒక పల్లె. ఉద్యానశాఖ పుస్తకాల్లో 'బాలానగర్' అని ఒక సీతాఫలం రకం ఉంటుంది చూడండి, ఆ పేరు మా ప్రాంతానిదే. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు రెండు వైపుల నుంచీ ఉందనుకుంటున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీరు వెళ్ళింది మేలో. మా గుట్టల మీద సీతాఫలం పండేది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. దసరాకూ దీపావళికీ నడుమ మంచి జోరు మీద ఉంటుంది. మేలో చెట్టుకు కొత్త చిగురు, పూత తప్ప పండు ఉండదు. ఆ నెలలో ఎవరు సీతాఫలం ఐస్‌క్రీమ్ చేసినా, ఆరేడు నెలల కింద గుజ్జు తీసి గడ్డకట్టించి దాచిన దాంతోనే చేయాలి. అది మోసమేమీ కాదు, వేరే దారి లేదు. మీ నాన్నగారు మిమ్మల్ని తీసుకెళ్ళింది దసరా సెలవుల్లో అయ్యుంటుంది. కాస్త గుర్తు చేసుకోండి, స్వెటర్ వేసుకునే రోజులకు కొంచెం ముందు, సాయంత్రం గాలిలో చలి మొదలవుతున్నప్పుడు కాదూ?

గుజ్జు దాస్తే ఏమవుతుందని అడగొచ్చు. మామిడి గుజ్జు ఏడాది దాచినా పెద్దగా అలగదు. సీతాఫలం అలా కాదు. గాలి తగిలిందంటే రంగు మారి గోధుమవన్నెకు తిరుగుతుంది. వేడి తగిలితే చేదెక్కుతుంది. మామిడి గుజ్జును డబ్బాలో పెట్టేముందు వేడిచేసి క్రిములను చంపుతారు, సీతాఫలానికి ఆ వైద్యం పనికిరాదు. మా డెయిరీలో చేరిన కొత్తలో ఒకసారి పాలమిశ్రమం బాగా చల్లారకముందే గుజ్జు పోశాం. ఒక బ్యాచ్ మొత్తం నాలుక చివర చేదు తగులుతూ పాడైపోయింది. మా పై అధికారి కోప్పడలేదు. "పల్లె నుంచి వచ్చినవు, మీ అమ్మ ఎప్పుడన్నా సీతాఫలం పొయ్యి మీద పెట్టిందా?" అని అడిగారు. పెట్టలేదు. ఎవరి ఇంట్లోనూ పెట్టరు. ఆ ఒక్క మాటతో నాకు ఈ పండు సంగతి జీవితాంతం గుర్తుండిపోయింది. పచ్చిగానే, చల్లగానే, చివర్లోనే కలపాలి. దాని వాసన ఉండేది కూడా ఆ పచ్చిదనంలోనే. మంచులో ఆరు నెలలు ఉంటే తీపి మిగులుతుంది, వాసన చాలావరకు వెళ్ళిపోతుంది. మీకు 'అది కాదు' అనిపించింది ఆ వాసన గురించే.

ఇక మొజంజాహీ మార్కెట్‌లోనే ఈ పండ్ల ఐస్‌క్రీమ్ ఎందుకు పుట్టిందంటే, నా ఉద్దేశంలో దానికి కారణం పాలు కాదు, పండ్ల గంపలు. ఆ రాతి మార్కెట్‌ను 1935లో కట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. నగరాన్ని బాగుచేసే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు ఆయనే అధ్యక్షుడు. గడియారం గోపురం నడుమ, రెండు వైపులా రెక్కల్లా దుకాణాలు. ఎన్నో ఏళ్ళు నగరానికి పెద్ద పండ్ల మార్కెట్టు అదే. తర్వాత పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారం వైపు వెళ్ళిపోయింది. పక్కనే పండ్ల కుప్పలు ఉన్నప్పుడు, బాగా మాగి రేపటికి నిలవని పండును ఏం చేయాలన్నది ప్రతి వ్యాపారికీ ప్రశ్నే. మెత్తబడిన సీతాఫలం గంపకు పనికిరాదు, ఐస్‌క్రీమ్‌కు మాత్రం అంతకు మించింది లేదు. పండ్ల మార్కెట్టు వెళ్ళిపోయింది, ఫేమస్, షా లాంటి ఐస్‌క్రీమ్ దుకాణాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ముంబైలో 'నేచురల్' ఐస్‌క్రీమ్‌ను 1984లో జుహూలో మొదలుపెట్టిన రఘునందన్ కామత్ కూడా మంగళూరు వైపు ఒక పండ్ల వ్యాపారి కొడుకే. పండు ఎప్పుడు తినాలో చేతితో పట్టుకుని చెప్పగలవాడు చేసిన ఐస్‌క్రీమ్‌కు ఒక తేడా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

నేను మొదటిసారి అక్కడ తిన్నది 1977లో, నాకు పదకొండేళ్ళు. మా అమ్మా నాయినా చీకటితోనే గుట్టెక్కి కాయలు తెంపేవాళ్ళు. కాయ మీది కండ్లు విచ్చుకుని నడుమ తెల్లటి గీత కనిపిస్తేనే తెంపాలి. కండ్లు తెరవని కాయను తెంపితే మెత్తబడుతుంది గానీ తీపి రాదు. గంప అడుగున ఆకులు, పైన గడ్డి వేసి రైలెక్కించేవాళ్ళం. ఆ రోజు నాయినతో నేనూ వెళ్ళాను. గంపలు దించి, కమీషన్ పోను డబ్బులు లెక్కపెట్టుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నాయిన రెండు కప్పులు కొన్నాడు. ఒకటి నాకు, ఒకటి తనకు.

మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నప్పటి ముచ్చట ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. చల్లదనం సంగతి తర్వాత. నా నాలుక గింజ కోసం వెతుకుతోంది. పుట్టినప్పటి నుంచి సీతాఫలం అంటే ఒక ముద్ద నోట్లో వేసుకోవడం, నాలుకతో తిప్పడం, గింజ ఉమ్మేయడం, మళ్ళీ ముద్ద. తిన్న దానికంటే ఉమ్మింది ఎక్కువ. అలాంటిది ఆగకుండా వరసగా మింగుతూ పోవచ్చని నాకు తెలియదు. నాయినకూ తెలియదు. ఆయన నా వైపు తిరిగి, "గింజలు ఏడవోయినయి బిడ్డా?" అన్నాడు. కప్పు ఖాళీ చేసి, లేచి దుకాణం వెనక్కి వెళ్ళి, పనిచేసే వాళ్ళను అడిగి మరీ చూసొచ్చాడు. నన్నూ పిలిచాడు.

వెనక ఇద్దరు కూర్చుని పండ్లు చీల్చి చెంచాతో గుజ్జు తీస్తున్నారు. తొక్కకు ఆనుకున్న పొరను గీకకుండా వదిలేస్తున్నారు. ఇసకలా పలుకుపలుకుగా తగిలేది ఆ పొరలోనే ఎక్కువ. గుజ్జును జల్లెడ మీద వేసి వేళ్ళతో మెల్లగా రుద్దుతుంటే గింజలు పైన నల్లగా మిగిలిపోతున్నాయి. గట్టిగా రుద్దితే గింజ చిట్లి చేదు దిగుతుంది. నాయిన చాలాసేపు నిలబడి చూశాడు. రైల్లో వచ్చేటప్పుడు ఒక్కటే మాట అన్నాడు, "మన పండును మంచిగ చూసుకుంటున్నరు." అంతే. నేను డెయిరీ చదువు చదివింది ఆ మాట వల్లేనని చెబితే అతిశయం అనుకోకండి.

ఆ వెనకగదిలోనే చేత్తో తిప్పే యంత్రం కూడా చూశాను. దాన్ని యంత్రం అనడం కూడా పెద్ద మాటే. చెక్కతొట్టి, దాని నడుమ మూతబిగించిన లోహపు డబ్బా, చుట్టూ పగలగొట్టిన మంచుముక్కలు, వాటి మీద దొడ్డుప్పు. డబ్బా తిరుగుతుంటే లోపలి చెక్కరెక్క అంచులకు గడ్డకట్టినదాన్ని గీకి నడుమకు నెడుతుంది. ఉప్పు ఎందుకో పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఉత్త మంచు సున్నా డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పాలు, చక్కెర కలిసిన మిశ్రమం గడ్డకట్టడం మొదలయ్యేదే మైనస్ రెండు మూడు డిగ్రీల దగ్గర. అంటే ఉత్త మంచులో ఎంతసేపు తిప్పినా పాలు పాలుగానే ఉంటాయి. ఉప్పు పడితే మంచు ఇంకా కింది డిగ్రీల్లో కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని డబ్బాలోని పాల నుంచి లాక్కుంటుంది. ఉప్పు పాళ్ళు సరిగా కుదిరితే ఆ నీళ్ళు మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలవు.

చేత్తో తిప్పినదానికి ఇంకో గుణం ఉంది. దాంట్లో గాలి తక్కువ. ఫ్యాక్టరీలో మిశ్రమాన్ని గడ్డకట్టిస్తూనే గాలి ఎక్కిస్తారు. గాలి అసలే లేకపోతే ఐస్‌క్రీమ్ రాయిలా ఉంటుంది కాబట్టి కొంత అవసరమే. కానీ లీటరు మిశ్రమాన్ని దాదాపు రెండు లీటర్ల ఐస్‌క్రీమ్‌గా పెంచవచ్చు. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలి, పాలకొవ్వు 10 శాతానికి తగ్గకూడదు. అంటే సగం దాకా గాలి ఉన్నా నిబంధన లోపలే ఉన్నట్టు. ఈసారి డబ్బా కొంటే లీటర్లు చూడకండి, గ్రాములు చూడండి. మొజంజాహీ మార్కెట్ కప్పు చేతిలోకి తీసుకుంటే చిన్నదే అయినా బరువుగా తగిలేది ఇందుకే. ఇప్పుడు చెయ్యి బదులు మోటారుతో తిప్పినా రుచి పోదు, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. నెమ్మదిగా తిరగడం ముఖ్యం, ఎవరు తిప్పారన్నది కాదు.

ఇంకొక తేడా మీరు గమనించే ఉంటారు. బళ్ళ మీద, కిరాణా ఫ్రిజ్‌ల్లో దొరికే చాలా కప్పుల మీద 'ఫ్రోజెన్ డిజర్ట్' అని రాసి ఉంటుంది. అందులో పాలకొవ్వు బదులు పామాయిల్ లాంటి నూనెలు వాడతారు. అలా వాడటం చట్టబద్ధమే, దానివల్ల ధర కూడా తగ్గుతుంది. కానీ పాలకొవ్వు నోటి వేడికి కరిగి వెళ్ళిపోయినట్టు కొన్ని నూనెలు వెళ్ళవు. అంగిలికి సన్నటి పొర అంటుకుంటుంది. ఆ పొర మీద పండు రుచి తెలియదు. మీ పిల్లలకు అంగిలి జిడ్డుగా ఉందంటే పేరు చదవమనండి, వాళ్ళకే అర్థమవుతుంది.

ఆ చోటు కూడా మారింది, అది కొంత మేలే. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో దుకాణాల ముందు ఆవరణంతా బండ్లే. స్కూటర్ల మీద కూర్చునే తినేవాళ్ళం, కార్ల దగ్గరికే కప్పులు తెచ్చిచ్చేవారు. రాతిగోడల మీద పొగ, పోస్టర్లు, వేలాడే తీగలు. తర్వాత మార్కెట్‌ను శుభ్రం చేసి, మరమ్మతు చేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు రాత్రిపూట దీపాల్లో ఆ గ్రానైటు చూస్తుంటే, ఇన్నేళ్ళూ దాని ముందే కూర్చుని తింటూ దాన్ని చూడనేలేదనిపిస్తుంది. ఎదురుగా కరాచీ బేకరీ ఉంది. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్‌నాని 1953లో పెట్టిన మొదటి దుకాణం అదే. మీ నాన్నగారు ఐస్‌క్రీమ్ అయ్యాక ఫ్రూట్ బిస్కెట్లు ఇంటికి కట్టించుకునే ఉంటారు. ఆ రోజుల్లో అబిడ్స్ వెళ్ళిన వాళ్ళలో చాలామంది ఇంటికి అలాగే చేరేవారు.

నాకు అక్కడ బాగా ఇష్టమైన రాత్రులు రెండు రకాలు. ఒకటి రంజాన్ నెలలోవి. రాత్రిపూట చేసే తరావీహ్ నమాజు అయ్యాక కుటుంబాలు కుటుంబాలు వచ్చేవి, అర్ధరాత్రి దాటినా కుర్చీ దొరికేది కాదు. మా షిఫ్టు పది గంటలకు అయ్యాక నలుగురం అక్కడికే వెళ్ళేవాళ్ళం. రోజంతా ఐస్‌క్రీమ్ మధ్య పనిచేసి మళ్ళీ ఐస్‌క్రీమేనా అని ఇంట్లో అడిగేవారు. మేం తయారుచేసేది డబ్బాలోకి వెళ్ళేది, అక్కడిది నేరుగా మనిషి చేతికి వెళ్ళేది. తినేవాళ్ళ ముఖాలు చూడటానికే వెళ్ళేవాళ్ళం. రెండోది నుమాయిష్ రోజులు, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ రోజులు. జనవరి 1న నాంపల్లిలో మొదలై నెలన్నర సాగుతుంది కదా, అక్కడ కాళ్ళు అరిగేలా తిరిగి, నడుచుకుంటూ మార్కెట్‌కు వచ్చి వణుకుతూ అంజీర్ ఐస్‌క్రీమ్ తినడం. అంజీర్‌ది ఎండుపండు కాబట్టి ఏ కాలంలోనైనా ఒకేలా ఉంటుంది. మీరు మళ్ళీ ఎండాకాలంలోనే రావాల్సి వస్తే అంజీర్ అడగండి, లేదా మామిడి అడగండి. ఏప్రిల్, మే నెలల్లో మామిడిని మించినది లేదు. మేలో మామిడి, జూన్‌లో లిచీ, అక్టోబరులో సీతాఫలం. దుకాణంలో పలక మీద పేర్ల వరస చూడకుండా, "ఇవ్వాళ ఏ పండు వచ్చింది?" అని అడగడం నా అలవాటు. పనిచేసే వాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషంగా, నిజంగా జవాబు చెబుతారు.

నాయిన పోయాక, ఒక అక్టోబరులో అమ్మను తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. రెండు చెంచాలు తిని కళ్ళు మూసుకుంది. ఆనందిస్తోందనుకున్నాను. కళ్ళు తెరిచి, "కాయ రెండు దినాలు ముందుగల్ల తెంపిన్రు" అంది. ప్రయోగశాలలో చక్కెర శాతం కొలిచే పరికరం పట్టుకుని నేను చెప్పే సంగతిని ఆమె నాలుకతో చెప్పింది. అందుకే మీ నాలుకను నమ్మమంటున్నాను. చిన్నప్పుడు మంచి పండు తిన్నవాళ్ళ నాలుక దాని లెక్క మరిచిపోదు.

రాజమండ్రి రోజ్‌మిల్క్ గురించి, పల్లెల్లో గంట మోగించుకుంటూ వచ్చే సేమ్యా ఐసు గురించి కూడా అడిగారు. సేమ్యా ఐసు మీద నాకు ప్రేమ ఉంది, చెప్పగలిగేంత జ్ఞానం లేదు. రోజ్‌మిల్క్ గురించి గోదావరి వాళ్ళే చెబితే అందం.

అక్టోబరులో రావడం కుదరకపోతే ఏం చేయాలో చెబుతాను. మీ దగ్గర ఇండియన్ స్టోర్‌లో గడ్డకట్టిన సీతాఫలం గుజ్జు దొరుకుతుంది, కానీ అది మళ్ళీ మీ మే నెల రుచే. చలికాలంలో కాలిఫోర్నియా నుంచి చెరిమోయా అనే పండు వస్తుంది, మన సీతాఫలానికి దగ్గర చుట్టం. అచ్చంగా అదే కాదు, కాస్త పులుపు ఉంటుంది, కానీ తాజాది. చిక్కటి పాలు లీటరు తీసుకుని అడుగంటకుండా 600 మిల్లీలీటర్లకు మరిగించండి. దించాక 120 గ్రాముల చక్కెర, చల్లారాక 200 మిల్లీలీటర్ల క్రీమ్ కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు 300 గ్రాముల గుజ్జు తీసి, వెంటనే ఆ చల్లటి పాలలో కలిపి తిప్పడం మొదలుపెట్టండి. గుజ్జు తీసి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడకండి, నల్లబడుతుంది. చక్కెర తగ్గిస్తే ఆరోగ్యమని తగ్గించకండి, గడ్డ రాయిలా తయారవుతుంది. యంత్రం లేకపోతే పెద్ద తొట్టిలో మూడు వంతుల మంచు, ఒక వంతు దొడ్డుప్పు వేసి, నడుమ మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బా పెట్టి పిల్లల చేత తిప్పించండి. నాలుగైదు నిమిషాలకోసారి మూత తుడిచి తీసి అంచులు గీకాలి, ఉప్పునీళ్ళు ఒక్క చుక్క లోపల పడకూడదు. ఏలకులు, గులాబీ నీళ్ళు, ఏమీ వేయొద్దు. మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టించకండి. కరిగిన నీళ్ళు రెండోసారి గడ్డకట్టేటప్పుడు పెద్ద పలుకులవుతాయి, నాలుక మీద ఇసక పోసినట్టుంటుంది.

రాగలిగితే మాత్రం దసరాకు రండి. విమానాశ్రయం నుంచి నేరుగా నగరంలోకి వెళ్ళకండి, ఒక పూట ఇటు కేటాయించండి. బెంగళూరు రహదారి మీద షాద్‌నగర్ దాటి బాలానగర్ వైపు వస్తుంటే రోడ్డు పక్కన ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని కూర్చుని ఉంటారు. బేరం ఆడొద్దు, చీకటితో గుట్టెక్కి తెచ్చిన కాయలవి. "ఇవ్వాళ తినేటివి" అని అడిగితే మాగినవి వేరుగా ఏరి ఇస్తారు. అక్కడే చెట్టు నీడలో కూర్చుని పిల్లల చేత తినిపించండి. ఎన్ని గింజలు ఉమ్మితే అన్ని ఉమ్మనివ్వండి, చేతులు జిగురు కానివ్వండి. ఆ సాయంత్రమే మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్ళి కప్పు చేతికివ్వండి. గింజలేమయ్యాయని వాళ్ళు అడిగేదాకా మీరేమీ చెప్పకండి.